పాచిక కంటే ముందు మాట

స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్ చూసి ముచ్చటపడ్డవాళ్లు, బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్ ఆడి ఆ లోకంలోంచి బయటికి రాలేకపోతున్నవాళ్లు, అసలు ఆటను నలుగురితో కూర్చుని ఆడాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పాత్రల్ని ఎలా పుట్టించాలి? ఇంటి నియమాలు ఎవరు రాయాలి? యాభై ఏళ్లు దాటిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ చరిత్రలోనే ఈ ప్రశ్నలకు జవాబులున్నాయి.

1974 జనవరి. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు. గ్యారీ గైగాక్స్, ఆయన మిత్రులు కలిసి పెట్టుకున్న టీఎస్ఆర్ అనే బుల్లి కంపెనీ ఒక అట్టపెట్టెను అమ్మకానికి పెట్టింది. లోపల గోధుమరంగు అట్టలతో మూడు పల్చటి పుస్తకాలు. వెల 10 డాలర్లు. తొలి ముద్రణ 1000 ప్రతులు. ఆ మూడూ శ్రద్ధగా చదివినా ఆట ఎలా ఆడాలో పూర్తిగా బోధపడేది కాదు. పోరాటాల సంగతి తేల్చుకోవాలంటే గైగాక్స్ అంతకుముందు 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి తెచ్చిన చెయిన్‌మెయిల్ అనే మరో పుస్తకం దగ్గరుండాలి. అడవుల్లో, కొండల్లో ప్రయాణించడానికి అవలాన్ హిల్ కంపెనీ అమ్మే అవుట్‌డోర్ సర్వైవల్ అనే వేరే ఆట బోర్డు తెచ్చుకోవాలి. మిగిలినవన్నీ మీకు ఎలా నచ్చితే అలా ఊహించుకోండని చివర్లో చెప్పేసి రచయితలు తప్పుకున్నారు.

ఆ ఖాళీలే ఈ ఆటను ఇన్నేళ్లు బతికించాయని నేను గట్టిగా నమ్ముతాను.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు డంజియన్ మాస్టర్, పొట్టిగా డీఎం. లోకమూ, అందులోని రాజులూ రాక్షసులూ, వానా చీకటీ అన్నీ డీఎం చేతిలో ఉంటాయి. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. తలుపు తెరిచారు, లోపల చీకటి, ఏదో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది, ఏం చేస్తారు అని డీఎం అడుగుతారు. ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు. ఫలితం అనుమానంగా ఉన్నచోట 20 ముఖాల పాచిక వేస్తారు. గెలుపోటములు లేవు. వారం వారం కలుస్తూ నెలలూ ఏళ్లూ సాగే కథను క్యాంపెయిన్ అంటారు.

మమకారం నుంచి పుట్టిన లెక్క

ఈ ఆటకు మరో జనకుడు డేవ్ ఆర్నెసన్. మిన్నెసోటాలోని జంట నగరాలు మినియాపోలిస్, సెయింట్ పాల్‌లో 1970ల మొదట్లో బ్లాక్‌మూర్ అనే లోకాన్ని నడిపేవాడు. చెయిన్‌మెయిల్ లెక్క ప్రకారం దెబ్బ తగిలిందా, సైనికుడు పోయినట్టే. వందల బొమ్మల సైన్యంలో ఒకడు పోతే ఎవరూ ఏడవరు. కానీ ఆర్నెసన్ మిత్రులు ఒక్కొక్కరూ ఒక్క మనిషికే పేరు పెట్టి, వారాల తరబడి ఆ మనిషిగా మాట్లాడుతున్నారు. ఆ మనిషి ఒక్క పాచికకే పోతే వాళ్లకు ప్రాణం ఒప్పలేదు. ఆర్నెసన్ తన నౌకాయుద్ధాల ఆటలోంచి ఒక పద్ధతి తెచ్చాడు. ఓడ ఒక్క గుండుకే మునగదు, ఇన్ని దెబ్బలకు ఓర్చుకుంటుందని ఒక అంకె ఉంటుంది. ఆ అంకెను మనుషులకు ఇచ్చాడు. ఇవాళ ప్రపంచమంతా వీడియో గేముల్లో కనిపించే హిట్ పాయింట్లకు మూలం అక్కడుంది.

అలాంటి కథలు ఇంకా ఉన్నాయి. బ్లాక్‌మూర్‌లో ఒక ఆటగాడి పాత్ర రక్తపిశాచిగా మారి, ఎవరూ నిలవలేనంత బలపడిపోయింది. దాన్ని ఎదుర్కోవడానికే దైవబలంతో పోరాడే క్లెరిక్ అనే పాత్రను సృష్టించారు. 1974 పుస్తకాల్లో యోధుడు, మంత్రగాడు, క్లెరిక్ మాత్రమే ఉన్నారు. దొంగ లేడు. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఏరో హాబీస్ అనే దుకాణంలో ఆడుకునే బృందం తాళాలు తీసే, గోడలెక్కే దొంగను కల్పించుకుంది. ఆ సంగతి ఫోన్లో గైగాక్స్ చెవిన పడింది. 1975లో వచ్చిన గ్రేహాక్ అనుబంధంలో దొంగ అచ్చయ్యాడు.

అంటే ఇవాళ మనం అసలు నియమాలు అనుకునేవి కూడా ఒకప్పుడు ఎవరో తమ బల్ల దగ్గర, తమ అవసరానికి చేసుకున్న ఇంటి నియమాలే.

1975 నుంచి అవి ఊరూరా మొలిచాయి. కాల్టెక్ విద్యార్థులు వార్‌లాక్ పేరుతో తమ పద్ధతిని ప్రచురించారు. ఫీనిక్స్‌లో కెన్ సెయింట్ ఆండ్రే రకరకాల ముఖాల చిత్రమైన పాచికలన్నీ పక్కనపెట్టి, మామూలు ఆరు ముఖాల పాచికలతోనే టన్నెల్స్ అండ్ ట్రోల్స్ రాశాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో డేవ్ హార్‌గ్రేవ్ 1977లో ఆర్డూయిన్ గ్రిమోయర్ తెచ్చాడు. అక్కడే స్టీవ్ పెరిన్ పోరాట నియమాలను దిద్దుకుంటూ పోయి 1978లో రూన్‌క్వెస్ట్ అనే వేరే ఆటకే దారి తీశాడు. లాస్ ఏంజెలెస్‌లో లీ గోల్డ్ 1975 జూన్‌లో అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్ అనే పత్రికను మొదలుపెట్టింది. ఆటగాళ్లు తమ నియమాలూ, తగవులూ, క్యాంపెయిన్ కబుర్లూ తామే రాసి పంపేవారు, వాటన్నిటినీ కలిపి కుట్టి అందరికీ పంచేది. దాదాపు యాభై ఏళ్లు నడిపిందా మహాతల్లి.

మనకిది వింతేమీ కాదు. నాలుగు గవ్వలతో ఆడే అష్టాచమ్మాలో ఎదుటివాళ్ల కాయను ఒక్కటైనా చంపందే లోపలి గళ్లలోకి పోకూడదని కొన్ని ఇళ్లలో పట్టుబడతారు, కొన్ని ఇళ్లలో అక్కర్లేదంటారు. వేసవి సెలవుల్లో చుట్టాలింట్లో తగవు మొదలయ్యేది అక్కడే. ముందే అడిగి తేల్చుకున్న ఇంట్లో ఆట సాఫీగా సాగుతుంది. సగం ఆటలో గుర్తొస్తే కాయలు చెదిరిపోతాయి.

గైగాక్స్ స్వరం తర్వాత మారింది. 1977 నుంచి 1979 వరకు మూడు పెద్ద పుస్తకాలుగా అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చాక, అందరికీ ఒకే నియమావళి ఉండాలనీ, ఇష్టానికి మార్చుకుంటూ పోతే అది ఆ ఆట కాకుండా పోతుందనీ డ్రాగన్ పత్రికలో వాదించాడు. పోటీల వరకు ఆ మాట న్యాయమే. వేరువేరు ఊళ్ల జట్లు ఒకే గుహలో దిగి ఎవరు మెరుగో తేల్చుకోవాలంటే కొలబద్ద ఒకటే ఉండాలి. మన ముందుగదిలో ఆదివారం సాయంత్రం కలిసేవాళ్లకు ఆ అవసరం లేదు. పైగా పుస్తకమే ఇళ్లను చూసి మారుతూ వచ్చింది. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో గాయం మాన్పే మందు తాగితే ఆ వంతులో ఇంక కత్తి దూయడానికి ఉండదు. ఎన్నో బృందాలు దాన్ని పట్టించుకోకుండా, మందు తాగడాన్ని బోనస్ యాక్షన్‌గా, అంటే వంతులో అదనంగా చేసే చిన్న పనిగా లెక్కేసి, దెబ్బ కొట్టడానికీ వీలిచ్చాయి. 2024లో సవరించిన పుస్తకాలు ఆ ఇంటి నియమాన్నే అధికారిక నియమం చేశాయి.

అంకెల్లోంచి మనిషి

పాత్రకు ఆరు గుణాలు: బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ. 1974 నుంచీ ఇవే. ప్రతిదానికీ ఆరు ముఖాల పాచికలు మూడు వేసి కూడేవారు. వచ్చిన అంకె వచ్చిన చోటే, తారుమారు చేయడానికి లేదు. సగటు 10.5. 18 పడాలంటే 216 దారుల్లో ఒక్క దారే ఉంది. మహావీరుణ్ని కావాలని కూర్చున్నవాడికి బలం 7, వివేకం 15 పడితే, వీరుడి ఆశ వదులుకుని సాధువుగా ఆడాల్సిందే. ఇందులో ఒక అందం ఉంది. మనం ఎన్నడూ ఎంచుకోని మనిషి మన చేతికి వస్తాడు, వాణ్ని అర్థం చేసుకుంటూ ఆడతాం.

కానీ ఏడాది పాటు సాగే కథలో ఆ అందానికి ఖరీదు ఉంది. 1979 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో గైగాక్స్ నాలుగు పాచికలు వేసి, చిన్నది తీసేసి, మిగిలిన మూడూ కూడి, వచ్చిన అంకెల్ని నచ్చిన గుణాలకు పెట్టుకునే పద్ధతి ఇచ్చాడు. సగటు 12.24కు పెరిగింది. నేటికీ ఎక్కువమందికి ప్రియమైన పద్ధతి ఇదే. ఐదో ఎడిషన్ దీనితో పాటు మరో రెండు దారులు చూపింది. ఒకటి, అందరికీ అవే అంకెలు: 15, 14, 13, 12, 10, 8. రెండోది, 27 పాయింట్లతో కావలసిన అంకెలు కొనుక్కోవడం.

లెక్క చూడండి. ఆ సిద్ధమైన ఆరంకెల మొత్తం 72. నాలుగు పాచికల పద్ధతిలో ఆరింటి సగటు మొత్తం 73కు కాస్త పైన. అంటే పాచిక వల్ల ఒక్కో పాత్రకు సగటున దక్కే లాభం ఒకటిన్నర పాయింటు లోపే. పెట్టే పందెం మాత్రం పెద్దది. ఒకరికి 17, 16, 16 పడి, పక్కనున్నవారికి 11 దాటకపోతే, ఆ తేడా మొదటి రోజు నవ్వులాటగానే ఉంటుంది. ఇరవయ్యో వారానికి తక్కువ అంకెలవాళ్లు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. గుణం 18 అయితే ప్రతి పాచికకూ 4 కలుస్తుంది, 10 అయితే ఏమీ కలవదు. ఆ 4 తేడా ప్రతి వంతులో, ప్రతి తలుపు దగ్గర, ప్రతి బేరంలో కనిపిస్తూనే ఉంటుంది.

అందుకే మొదటి క్యాంపెయిన్‌కు సిద్ధమైన అంకెలే మేలు. పాచికల గలగల లేకపోతే మజా ఏముందనేవాళ్లకు మంచి ఇంటి నియమం ఒకటుంది: అందరూ పాచికలు వేయండి, వచ్చిన వరుసలన్నీ బల్ల మధ్యలో పెట్టండి, ఏ వరుసనైనా ఎవరైనా వాడుకోవచ్చు. అదృష్టం ఒకరి చేతిలో పడినా అందరి సొత్తు అవుతుంది.

పాత్ర తయారీయే ఒక ఆటగా మారిన సందర్భమూ ఉంది. 1977లో మార్క్ మిల్లర్ రాసిన ట్రావెలర్ అనే అంతరిక్ష కథల ఆటలో మన పాత్ర నౌకాదళంలోనో సైన్యంలోనో నాలుగేళ్ల చొప్పున కొలువు చేస్తుంది. ప్రతి విడతకూ బతికి బయటపడ్డాడా అని పాచిక వేయాలి. పడకపోతే కథ మొదలు కాకముందే పాత్ర చచ్చిపోతుంది. ఇంకొక్క విడత కొలువు చేస్తే మరికొన్ని విద్యలు అబ్బుతాయి, కానీ ప్రాణం పోవచ్చు. ఆ ఊగిసలాటలోనే నడివయసు మనిషి ఒకడు, గతంతో సహా, కాగితం మీద నిలబడతాడు.

పుస్తకంలో ఉన్నదల్లా శిరోధార్యం అనుకోనక్కర్లేదని చెప్పడానికి మరో ఉదాహరణ చాలు. 1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఆడ పాత్రలు మగ పాత్రలతో సమానంగా బలం సాధించడానికి వీల్లేదు, పై హద్దు తక్కువ. అగ్నిగోళాలు విసిరే, డ్రాగన్లు ఎగిరే లోకంలో అసాధ్యంగా తోచింది బలమైన ఆడమనిషే! ఆ హద్దును పట్టించుకోని బల్లలే సరైన ఆట ఆడాయి. 1989 నాటి రెండో ఎడిషన్ దాన్ని తీసేసింది. జాతిని బట్టి గుణాల అంకెలు పెరిగే పద్ధతి కూడా 2024లో పోయింది. ఇప్పుడు మనిషి పెరిగిన నేపథ్యాన్ని బట్టి అంకెలు పెరుగుతాయి. సైనికుడా, పండితుడా, ఓడ కళాసీయా అన్నది చూస్తారు. ఇది నాకు ఎంతో నచ్చిన మార్పు.

మన రాక్షసుడి సంగతి కూడా చెప్పుకోవాలి. 1977 మాన్‌స్టర్ మాన్యువల్‌లోనే రాక్షస అనే జీవి ఉంది. పులి తల, పెద్దమనిషి దుస్తులు, చేతిలో పొగగొట్టం. మంత్రించిన చిన్న బాణంతో కొడితే చస్తాడట. ఆ లక్షణం మన పురాణాల్లోంచి రాలేదు, 1974లో అమెరికాలో వచ్చిన కోల్చాక్ అనే టీవీ సీరియల్ భాగంలోంచి వచ్చింది. మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు ఘటోత్కచుణ్ని గుండెల్లో పెట్టుకున్న జనానికి ఈ పులితల రాక్షసుడు ఎందుకు? కొడుకుగా, అన్నగా, చెల్లెలి మాట కోసం ప్రాణమిచ్చేవాడిగా రాక్షసుణ్ని ఆడనిచ్చే ఇంటి నియమం తెలుగు బల్ల దగ్గర రాసుకోవచ్చు. పాతాళభైరవి చూసినవాళ్లు, చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లు చదివినవాళ్లు మాంత్రికుల కోటల కోసం యూరప్ దాకా వెళ్లనక్కర్లేదు.

అంకెలు అయ్యాక కథ. ఇక్కడ కొత్తవాళ్లు పది పుటల పూర్వగాథ రాసుకొస్తారు. ఆ ఉత్సాహం ముచ్చటే కానీ అంత గతం ఉన్న మనిషికి బల్ల దగ్గర జరగాల్సింది ఏమీ మిగలదు. నాలుగు వాక్యాలు చాలు: ఎక్కడివాడు, ఏం కావాలి, దేనికి భయం, ఈ బృందంలో ఇద్దరితో ఏం సంబంధం. చివరిదే అన్నిటికంటే ముఖ్యం. ఒకరు ఆ మంత్రగాడికి అప్పుపడ్డారు, ఇంకొకరు ఆ యోధురాలి చిన్నాన్న కొడుకు. అలాంటి ముడులు లేకపోతే మొదటి సాయంత్రమంతా సత్రంలో అపరిచితులు ఒకరినొకరు అనుమానంగా చూసుకోవడంతోనే గడిచిపోతుంది.

మొదటి రోజు ఆడకండి

అనుభవం ఉన్న డీఎంలు కథ మొదలు పెట్టకముందు ఒక పూట మాటలకే కేటాయిస్తారు. దానికి సెషన్ జీరో అని పేరు. పాత్రలు అందరూ కలిసి ఆ పూటే తయారుచేసుకోవాలి. ఎవరింట్లో వాళ్లు తయారుచేసుకుని వస్తే ముగ్గురు దొంగలు, ఒక ఒంటరి హంతకుడు వస్తారు. గాయాలకు మందు వేసేవాడు ఒక్కడూ ఉండడు.

అన్నిటికంటే ముందు మరణం గురించి మాట్లాడండి. తొలి పుస్తకాల్లో హిట్ పాయింట్లు సున్నా అయితే పాత్ర పోయినట్టే. ఐదో ఎడిషన్‌లో స్పృహ తప్పి పడిపోతుంది, వంతు వచ్చినప్పుడల్లా 20 ముఖాల పాచిక వేస్తుంది. 10 దాటినా, 10 పడినా ఒక గెలుపు, తక్కువైతే ఒక ఓటమి. మూడు గెలుపులు ముందొస్తే బతుకు, మూడు ఓటములు ముందొస్తే చావు. ఎవరూ సాయపడకపోయినా బతికే అవకాశం నూటికి దాదాపు 60. పైగా క్లెరిక్ అనుభవంతో ఎదిగి ఐదో లెవెల్‌కు చేరితే, పోయిన నిమిషంలోపు ప్రాణం పోసే మంత్రం వస్తుంది. దానికి 300 బంగారు నాణేల విలువైన వజ్రం ఖర్చవుతుంది. నిశితంగా ఆలోచించే డీఎం చావు నియమాన్ని ముట్టుకోడు, వజ్రాన్ని ముట్టుకుంటాడు. ఈ రాజ్యంలో వజ్రాలు రాజుగారి ఖజానాలో తప్ప దొరకవని ఒక్క మాట ముందే చెప్తే చాలు, మరణానికి బరువొస్తుంది, ఆ వజ్రాల వేటే ఒక కథ అవుతుంది. అయితే ఆ మాట ముందే చెప్పాలి. పాత్ర చచ్చి పడి ఉన్నప్పుడు చెప్తే అది నియమం అనిపించుకోదు, కక్ష అనిపించుకుంటుంది.

అందరికీ నచ్చి చివరికి అందరినీ ఇబ్బంది పెట్టే ఇంటి నియమం ఒకటుంది. పాచికపై 1 పడితే కత్తి జారిపోవడం, కాలు మెలిపడటం, పక్కవాడికి దెబ్బ తగలడం. వినడానికి సరదాగా ఉంటుంది. ఐదో ఎడిషన్‌లో 20వ లెవెల్ యోధుడు ఒక్క వంతులో నాలుగుసార్లు కొడతాడు. నాలుగు పాచికల్లో ఒక్కటైనా 1 పడే అవకాశం నూటికి 18 పైనే. లోకంలోకెల్లా గొప్ప కత్తివీరుడు ఐదారు వంతులకొకసారి కత్తి జారవిడుస్తాడన్నమాట. మరోవైపు అగ్నిగోళం విసిరే మంత్రగాడు గురి కోసం పాచికే వేయడు, తప్పించుకోవడానికి శత్రువులే వేసుకోవాలి. సాధన పెరిగేకొద్దీ పరువు పోగొట్టే నియమం ఇది, దీన్ని మానేయండి.

20 పడితే ఏం జరుగుతుందో కూడా తేల్చుకోండి. దెబ్బ వేసేటప్పుడు 20 పడితే తగిలినట్టే, గాయపు పాచికలు రెట్టింపు. గోడ ఎక్కడానికో, రాజుగారిని ఒప్పించడానికో వేసినప్పుడు 20 పడినా గెలుపు ఖాయమని 2014 పుస్తకం చెప్పలేదు. చాలామంది అలాగే ఆడతారు. మీకు ఇష్టమైతే ఆడండి, కానీ రాజుగారు 20కి లొంగి రాజ్యం రాసివ్వరని ముందే ఒప్పుకోండి. రానివాళ్ల పాత్ర ఆ రోజు ఏమవుతుంది, ఎంతమంది తగ్గితే ఆట వాయిదా, తోటి పాత్రను దోచుకోవచ్చా కూడదా... ఇవన్నీ ఐదు నిమిషాల్లో తేలే విషయాలే. అడగకపోతే ఐదు వారాల కోపాలు మిగులుతాయి.

ఎవరికి ఏ గాయం ఉందో మనకు తెలియదు. బావమరదళ్లు, ఆఫీసు మిత్రులు, పదహారేళ్ల మేనల్లుడు ఒకే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు కథలోకి ఏవి రాకూడదో ముందే అడగడం మర్యాద. ఇలాంటి ఆటల రూపకర్త రాన్ ఎడ్వర్డ్స్ ఇచ్చిన పద్ధతిలో కొన్ని విషయాలు కథలోకి అసలు రావు, కొన్ని వచ్చినా తెర వెనకే ఉండిపోతాయి. మరో రూపకర్త జాన్ స్టావ్రోపోలస్ ఇంకా తేలిక మార్గం చూపాడు. బల్ల మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డు పెడతారు, ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సన్నివేశం అక్కడితో ఆపి ముందుకు సాగాలి, కారణం అడగకూడదు. ఇలాంటివి ఆట జోరు తగ్గిస్తాయని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. కులం పేరుతోనో, శరీరం పేరుతోనో ఎవరినైనా నొప్పించే చోట మిగతావాళ్ల ఊహ కూడా ముడుచుకుపోతుంది.

ఇంటి నియమాలన్నీ ఒక్క పుటకు మించకూడదు. మించాయంటే మీరు వేరే ఆట రాస్తున్నారు, అదీ తప్పేం కాదు, రూన్‌క్వెస్ట్ పుట్టింది అలాగే. ప్రతి నియమం పక్కన అది ఎందుకో ఒక ముక్క రాయండి. మూడు నెలలయ్యాక అందరూ కలిసి తిరిగి చదివి, పనికిరానిది కొట్టేయండి. కలం డీఎం చేతిలో ఉన్నా, కొట్టేసే హక్కు అందరిదీ.

చివరగా తెలుగువాళ్లంతా తెలుసుకోవాల్సిన సంగతి. ఇప్పుడు ఈ ఆటను ప్రచురిస్తున్న విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ, తన నియమాలను ఇతరులు వాడుకోవడానికి ఇచ్చిన పాత లైసెన్సును 2023 జనవరిలో బిగించబోతే ఆటగాళ్లు పెద్ద ఎత్తున తిరగబడ్డారు. కంపెనీ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూల నియమాలున్న సుమారు 400 పుటల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేసింది. మూలం ఎవరిదో చెప్తే చాలు, ఎవరైనా దాన్ని అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు. తెలుగులో చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. 400 పుటలూ ఒక్కరే చేయలేరు, నిజమే. పాత్ర తయారీకి కావలసిన భాగం చిన్నది, నలుగురు పంచుకుంటే అయ్యే పని. మీ బల్ల దగ్గర ఆటకు ముందు రాసుకునే ఆ ఒక్క పుటతో మొదలుపెట్టండి, దాన్ని తెలుగులో రాయండి, పక్క బృందానికి కూడా ఇవ్వండి.